గురక ఆగిన చోట

పోయిన వారం మునిశేఖర్‌ను వడమాలపేటలో, కుప్పయ్య ఇంటి ముందర, తల వంచుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. అతను నడిపే కంపెనీ బస్సు పట్టపగలు, తిన్నగా ఉన్న రోడ్డును వదిలేసి మామిడితోపులోకి దూరింది. నాయుడుపేట దగ్గరి ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోతున్న ఆడపిల్లలంతా సీట్ల మీద నుంచి కిందపడ్డారు. ప్రాణాలు పోలేదు గానీ కుప్పయ్య కూతురు అమల చెయ్యి విరిగింది. తాగి నడిపినాడని ఊరు తీర్మానించేసింది. తాగలేదు, నిద్రా పోలేదు, బండిలోనే ఏదో లోపం ఉండాదని మునిశేఖర్ మొత్తుకున్నాడు. బండి బంగారంలా ఉందని మెకానిక్ తేల్చాడు.

కుప్పయ్య పోలీసు స్టేషనుకు పోలేదు. "కాణిపాకం పోదాం రా అప్పా. తడిబట్టలతో వినాయకుని ముందర నిలబడి రెండు మాటలు చెప్పు. తాగలేదను. నిద్రపోలేదను. అంతే, ఇంక నిన్ను ఒక్క మాట అడగను" అన్నాడు. బస్సు యజమాని జయచంద్ర కూడా అదే పట్టుకున్నాడు. ప్రమాణం చేస్తే బండి తాళాలు ఇస్తాడు, చేయకపోతే వేరే డ్రైవరును పెట్టుకుంటాడు. శుక్రవారం పొద్దునకు ఖాయం చేసుకున్నారు. కాణిపాకం ప్రమాణమంటే ఏమిటో మన చిత్తూరు జిల్లావాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోర్టులో గడగడా అబద్ధాలాడే మనిషి కూడా ఆ గుడి వాకిట్లోకి వచ్చేసరికి ఒకసారి గొంతు సవరించుకుంటాడు.

ఇక ఈ వారం కథ గురువారం పొద్దున మొదలవుతుంది. మునిశేఖర్‌తో కాదు, అతని భార్య సుజనతో.

సుజన ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చేతిలో పని మంచిదని పేరు. అలాంటి మనిషి ఈ మధ్య కుడిచేతి స్లీవు ఎడమవైపు, ఎడమచేతిది కుడివైపు వేసి కుట్టేసింది. జాకెట్టు ఇచ్చినామె తొడుక్కుని చూసుకుని, తన చేతులే తిరగబడ్డాయేమోనని కాసేపు భయపడిందట. ఒకసారైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లు. వరసగా ఇంకో జాకెట్టుకూ అదే గతి పట్టింది. దానికి తోడు తలనొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం. తిరుపతి ఆసుపత్రిలో చూపించుకోమని ఊళ్లో ఆశా వర్కరు పోరుతుంటే, ఈ గొడవల్లో నా తలనొప్పి ఒకటా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చింది. చివరికి ఆ గురువారం బయలుదేరింది. బండి లేక ఖాళీగా ఉన్న మునిశేఖర్, తోడొస్తానని వెంట వచ్చాడు.

మునిశేఖర్ ఆమెకు మేనమామ కొడుకు. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి కాబట్టి అతను అబద్ధమాడితే ముక్కు రుద్దుకుంటాడని ఆమెకు తెలుసు. తాగలేదని చెప్పేటప్పుడు ముక్కు ముట్టుకోలేదు. పైగా ఒకప్పుడు బాగా తాగుతున్న రోజుల్లో, ఇదే కాణిపాకంలో మానేస్తానని ప్రమాణం చేసి, నిజంగానే మానేశాడు. అతని జీవితంలో అతను గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే. ఇవన్నీ తెలిసి కూడా సుజన మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. బస్సు తోపులోకి పోయిన వారంలో ఆమె ఊళ్లో లేదు. చెల్లెలికి కాన్పయితే పుత్తూరులో పుట్టింట్లో ఉంది. ఇన్నేళ్లుగా ఏమీ కాని బస్సుకు, సరిగ్గా తాను లేని వారంలోనే ఎందుకు అయింది? భార్య ఇంట్లో లేని మగవాడు ఏం చేస్తాడో ఊరంతా నవ్వుతూ చెబుతోంది. సుజన అతన్ని అడగలేదు. ఆమె అడగలేదన్న సంగతి అతనికీ తెలుసు. బస్సులో తిరుపతి దాకా ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చారు.

ఆసుపత్రిలో పేరు పిలిచేసరికి ఎండ బాగా ఎక్కింది. "నువ్వు పోయి సూపిచ్చుకో. నేనీడ కూర్చోనుంటా" అని మునిశేఖర్ గది బయట బెంచీ మీద చతికిలబడ్డాడు. లోపల డాక్టరు నిస్సీ ఉంది. చిత్తూరు టౌను పిల్ల, నలభై లోపే ఉంటుంది. బీపీ చూసి, కళ్లు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నిద్ర ఎట్ల పడతా ఉందమ్మా?"

"పడతాది మేడమ్. నిలబడదు."

"మధ్యలో మెలకువ ఎందుకొస్తుంది? ఏమైనా ఆలోచనలా? ఫోను పక్కనే పెట్టుకుంటారా? ఏదైనా సద్దు వస్తుందా?"

సుజన కాస్త సిగ్గుపడింది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. "సద్దు వస్తే నాకేం కాదు మేడమ్. సద్దు ఆగిపోతేనే మెలకువొస్తాది."

రాస్తున్న పెన్ను పక్కన పెట్టి డాక్టరు ఆమె వైపు చూసింది. "ఆగితేనా? అదెట్ల?"

"నేను పుత్తూరులో మగ్గాల ఇంట్లో పుట్టినా. మేము పండుకునే గదికి గోడ అవతలే పవర్‌లూములు. రాత్రీ పగలూ దడదడా ఆడతానే ఉంటాయి. మా ఇండ్లల్లో పసిబిడ్డలు కూడా ఆ మోతలోనే నిద్రపోతారు. మగ్గం ఆగిందంటే దారం తెగినట్టు. ఆగిన చిటికెలో ఇంట్లో అందరూ లేచి కూర్చుంటాం. నాయన కన్నా ముందు నాకే మెలకువొస్తా ఉండింది. ఆ చెవి ఇంకా పోలేదు మేడమ్. నాదొక రకం జబ్బనుకుంటా."

డాక్టరుకు ఆసక్తి పెరిగింది. బయట కూర్చున్న పేషెంట్లను కాసేపు మర్చిపోయి మోచేతులు బల్ల మీద ఆనించింది. "మరి వడమాలపేటలో మీ ఇంటి దగ్గర మగ్గాలు లేవు కదా. అక్కడ ఏ సద్దు ఆగుతుంది?"

"మా ఆయన ఉండాడు కదా మేడమ్."

డాక్టరు నవ్వాపుకోలేకపోయింది. సుజన కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడం అది.

మునిశేఖర్ గురక ఆ ఇంట్లో ఒక ఆస్తి. అతని తల్లి భారతమ్మ దృష్టిలో, గురక పెట్టి నిద్రపోయే మనిషికి ఒంట్లో రోగం లేనట్టు, మనసులో కల్మషం లేనట్టు. కొడుకు పగటిపూట నడుం వాల్చి గురక మొదలెట్టాడంటే ఆమె వాకిట్లో ఆడుకునే పిల్లల్ని అదిలించి, పక్కింటి టీవీ తగ్గించమని చెప్పి వచ్చేది. చుట్టాలొస్తే, మా అబ్బోడి నిద్ర ఎట్లాంటిదో ఇనండి అన్నట్టు మొహం పెట్టేది. గురక గురించి సుజన ఎప్పుడైనా విసుక్కుంటే, పక్కన మగవాడు నిమ్మళంగా నిద్రపోతా ఉంటే ఏడుపెందుకే అని గదిమేది.

"ఆ గురక ఆగితే మీకు మెలకువొస్తుంది. వచ్చినాక ఏం చేస్తారు?" డాక్టరు నవ్వు తగ్గించి అడిగింది.

"మోచేత్తో డొక్కలో ఒక్కటి పొడుస్తా. పక్కకు తిరుగుతాడు. మళ్లా మొదలవుతాది. నేను పండుకుంటా."

"ఎన్నిసార్లు ఇట్ల?"

"లెక్క పెడతా ఉంటే నిద్రెట్ల పడతాది మేడమ్."

"మరి పుట్టింటికి పోయినప్పుడు?"

"ఆడ మొద్దునిద్రే. మొన్న పోయినప్పుడు నేను లేసేసరికి మా అమ్మ పెట్టిన కాఫీ సల్లారిపోయి ఉండింది. ఆ వారమంతా తలనొప్పి అనేదే..."

సుజన మాట సగంలో ఆగింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. కుడి మోచెయ్యి దానంతట అదే కాస్త వెనక్కి పోయింది. ఎందుకు లేచిందో అడుగుదామనుకున్న డాక్టరుకు అప్పుడు తట్టింది. ఇందాకటి నుంచీ తలుపు అవతల ఒక మోత వినిపిస్తూ ఉంది. ఆసుపత్రి వెనక నీళ్ల మోటారు అనుకుని ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు అది ఆగిపోయింది.

"ఆయనేనా?"

సుజన తలూపింది. డాక్టరు లేచి తలుపు తీసింది.

బెంచీ మీద మునిశేఖర్ గోడకు తల ఆనించి, గడ్డం పైకెత్తి, నోరు తెరుచుకుని ఉన్నాడు. పొట్ట పైకీ కిందికీ కదులుతూ ఉంది, కానీ నోట్లోంచి గాలి రావడం లేదు, పోవడం లేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి. సుజన అలవాటుగా ముందుకు అడుగు వేసి మోచెయ్యి చాచింది. డాక్టరు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్కసారికి లేపొద్దు. చూద్దాం. నేనుండాను కదా."

సుజన ఇన్నేళ్లూ దీన్ని చీకట్లో చెవులతోనే తెలుసుకుంది. గురక ఆగడం తెలుసు, మళ్లీ మొదలవడం తెలుసు, ఆ రెండింటి నడుమ ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. చూసేదాకా ఆగలేదు కాబట్టే చూడలేదు. ఇప్పుడు పట్టపగటి వెలుతురులో చూస్తోంది. మొగుడి పెదాల రంగు మారుతోంది. మనిషి ఊపిరి కోసం నిద్రలోనే పెనుగులాడుతున్నాడు. పక్కన కూర్చున్న ముసలామె, "అలిసిపోయినాడు పాపం, లేపొద్దండి" అంటోంది. సుజన చేతిని డాక్టరు వదల్లేదు.

అప్పుడు మునిశేఖర్ భుజాలు ఒక్క కుదుపుతో ఎగిరాయి. గొంతులో ఏదో తెగినట్టు పెద్ద శబ్దంతో గాలి లోపలికి లాక్కున్నాడు. చెప్పు నేలకు రాసుకుంది. కళ్లు మాత్రం తెరవలేదు. మళ్లీ గురక అందుకుంది. కాసేపటికి మళ్లీ ఆగింది.

డాక్టరు లోపలికి పోయి వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పు తెచ్చి, అతనికి మెలకువ రాకుండా తగిలించింది. ఊపిరి ఆగినప్పుడల్లా అందులో అంకె దిగిపోవడం సుజనకు చూపించింది. "మీ ఫోన్ తీసి వీడియో పట్టండి. చెప్తే నమ్మరు వీళ్లు" అంది. సుజన పట్టింది.

గదిలోకి వచ్చాక డాక్టరు నెమ్మదిగా చెప్పింది. "గురక పెట్టేవాళ్లందరికీ ఇది ఉండదమ్మా. కానీ గురక మధ్యలో ఊపిరి ఆగి, ఇట్ల గాలి లాక్కుంటా ఉంటే అది జబ్బే. నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోతుంది. గాలి అందక మెదడు లేపుతుంది. మనిషికి ఆ సంగతి తెలియదు. పొద్దున లేస్తే బాగా పండుకున్నట్టే అనుకుంటాడు. నిజానికి ఆయన నిద్రపోయింది లేదు. ఆ కరువు పగలు తీర్చుకుంటాడు. కూర్చున్న చోట కండ్లు వాటంతట అవే మూతపడతాయి. మూతపడినట్టు కూడా తెలియదు." కాస్త ఆగి అడిగింది, "ఆయన ఏం పని చేస్తాడు?"

"బస్సు నడుపుతాడు మేడమ్."

డాక్టరు మొహంలో నవ్వు పూర్తిగా పోయింది. సుజన ఇక దాచలేదు. తిన్నగా ఉన్న రోడ్డు, మామిడితోపు, అమల చెయ్యి, అన్నీ చెప్పింది. "రోడ్డు కనిపించింది, ఆ తర్వాత మామిడిచెట్లు కనిపించినాయి, నడమ ఏమైందో నాకర్థం కాలే" అని అతను ఊరంతా తిరిగి చెప్పిన మాటను కూడా చెప్పింది. ఆ మాట తన నోటితో తాను చెబుతుంటేనే ఆమెకు అందులో ఉన్నదేమిటో అర్థమైంది.

"నేను ఆ వారం ఇంట్లో లేను మేడమ్."

"అందుకే అయిందని నేను చెప్పలేను. మీ తప్పయితే అసలే కాదు. కానీ వెల్లకిల పండుకుంటే ఇది ఎక్కువవుతుంది. మీరు పొడిచినప్పుడల్లా ఆయన పక్కకు తిరుగుతా వచ్చినాడు. మీకు తెలియకుండానే మీరు చేసిన వైద్యం అది. దానికి మీ నిద్ర ఖర్చయింది. మీ తలనొప్పికి కారణం కూడా వేరే వెతకాల్సిన పని ఉండదనుకుంటా."

సుజన కళ్లు తుడుచుకుంది. మొదట ఆమెకు కలిగింది సంతోషమే. బావ తాగలేదు. తాను లేని ఇంట్లో అతను ఏ సీసా మూతా తీయలేదు. ఆ ముల్లు ఊడిపోయిన సుఖానికి ఆమె ఏడ్చింది. తాను హాయిగా నిద్రపోయిన వారమే అతనికి నిద్ర లేని వారమని గుర్తొచ్చి ఇంకాస్త ఏడ్చింది. ఆ తర్వాత ఉన్నట్టుండి రేపటి సంగతి గుర్తొచ్చింది. తాగలేదన్న మాట నిజం. నిద్రపోలేదన్న మాట?

బయటికి వచ్చి భుజం తట్టి లేపింది. మునిశేఖర్ చటుక్కున కళ్లు తెరిచి మీసం సర్దుకున్నాడు.

"ఏం బావా, మంచి నిద్ర పట్టినట్టుండాది."

"నిద్ర యాడ పట్టింది? కండ్లు మూసుకోని కూర్చున్నా, అంతే. నువ్వేంది, పోయినట్టే పోయి వచ్చేసినావు."

చెయ్యి ముక్కు దాకా పోలేదు. సుజన అతని వంకే చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న ముసలామె నోరు నొక్కుకుంది.

డాక్టరు అతన్ని లోపలికి పిలిచి, కోప్పడకుండా, బెదిరించకుండా చెప్పింది. ఒక పూట ఇక్కడే పడుకుంటే ఒంటికి తీగలు పెట్టి నిద్రను పరీక్ష చేస్తారు. అవసరమైతే మొహానికి మాస్కు పెట్టుకుని పడుకునే యంత్రం ఇస్తారు, దానితో చాలామంది మామూలుగా బతుకుతున్నారు. పొట్ట తగ్గాలి. మందు, నిద్రమాత్రలు దగ్గరికి రానీయకూడదు. షిఫ్టు ఏదైనా, ఇల్లు చేరాక ఫోను చూసుకుంటూ కూర్చోకుండా, గదిని చీకటి చేసుకుని నిద్రకొక వేళ పెట్టుకోవాలి. నిద్ర ఆపుకోవడానికి టీ మీద టీ తాగితే నిద్ర ఆగదు, చెడుతుంది. "ఇంక అసలు మాట. ఇది నయమయ్యేదాకా బండి నడపకూడదు. ఒకరి ప్రాణం కాదు కదా అప్పా, బస్సు నిండా పిల్లలుంటారు."

"గురకొస్తే జబ్బంటారేంది మేడమ్? మా నాయన నాకన్నా ఎక్కువ గురక పెడతా ఉండె."

"ఆయన ఇప్పుడు ఎట్ల ఉండారు?"

"పోయినాడు. నిద్రలోనే పోయినాడు. మంచి సావు అన్నారు అందరూ."

చూడని మనిషి గురించి తాను చెప్పలేనంది డాక్టరు. సుజన మాత్రం మామ పోయిన పొద్దు అత్త చెప్పిన మాటను గుర్తు చేసుకుంది. గురక ఆగింది, హమ్మయ్య, మంచి నిద్ర పట్టినట్టుందనుకున్నా, అందా రోజు. ఇన్నేళ్లుగా విన్న మాటే. దాని అర్థం ఆమెకు ఇప్పుడు తెలిసింది.

పోయేముందు డాక్టరు సుజనను పిలిచి ఒక ఉపాయం చెప్పింది. బనీనుకు వీపు వైపు జేబు కుట్టి అందులో ఒక బంతి పెడితే మనిషి వెల్లకిల పడుకోలేడు, పరీక్ష అయ్యేదాకా కాస్త పనికొస్తుంది. జాకెట్లు కుట్టే ఆమెకు అదొక పనా? ఇంటికి పోగానే మిషను ముందు కూర్చుని, పాత బనీనుకు జేబు కుట్టడం మొదలెట్టింది. మునిశేఖర్ మంచం మీద కూర్చుని, ఆ బంతి తన వీపు మీదికి రాబోతోందని తెలియక, చెప్పులు విడుస్తున్నాడు.

"ఏమన్నారే డాక్టరమ్మ?" భారతమ్మ వంటింట్లోంచి వచ్చి అడిగింది.

సుజన ఫోను తీసి ఆమె చేతికిచ్చింది. ఇంట్లో రోజూ వినే గురకే ఫోనులోంచి వినిపించింది. భారతమ్మ మొహం విప్పారింది. "ఆసుపత్రిలో కూడా ఎంత నిమ్మళంగా పండుకున్నాడో సూడు" అంది. ఆ తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పింది.

"ఏమే, ఫోను ఆగిపోయినట్టుండాది."

"ఫోను ఆగలేదత్తా. సూడు."

భారతమ్మ చూసింది. బొమ్మ కదులుతోంది. పొట్ట ఎగసిపడుతోంది. గోడ మీద ఫ్యాను నీడ తిరుగుతోంది. గురక లేదు. కొడుకు గాలి లాక్కున్న శబ్దం వచ్చేదాకా ఆమె కూడా ఊపిరి పీల్చలేదు. "మీ మామకు ఇట్లనే ఉండింది" అని గోడకు ఆనుకుని కూలబడింది. "నేను లేపలేదే సుజనా. నిద్ర చెడతాదని లేపలేదు."

మునిశేఖర్ ఫోను లాక్కుని చూశాడు. రెండోసారి కూడా చూశాడు. ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టు చూశాడు.

"రేపు రెండో మాట చెప్పొద్దు బావా" అంది సుజన.

"చెప్పకపోతే?"

"మొదటి మాట చెప్పు. అది నిజం. రెండోది నిజం కాదు."

"నాకు తెలీకుండా జరిగింది అబద్ధమెట్లవుతాది? నేనేమన్నా కావాలని పండుకున్నానా?"

"నిన్నటిదాకా నీకు తెలీదు. నిన్న చెప్పింటే దేవుడు కూడా ఏమీ అనకపోవును. ఈపొద్దు తెలిసింది కదా."

అతనికి కోపం వచ్చింది. "రెండో మాట మింగితే జయచంద్ర తాళాలిస్తాడా? కుప్పయ్యన్న గమ్మునుంటాడా? తాగినోడికైనా మానేస్తే పని దొరుకుతాది. స్టీరింగు మీద నిద్రపోయినోడికి ఈ జిల్లాలో ఎవురిస్తారే బండి? నాకు ఇంకో పని తెలుసా? నువ్వు ఆ ఆసుపత్రికి పోకుండా ఉండింటే రెండు మాటలూ చెప్పేసి ఇంటికొచ్చి అన్నం తినుందును."

"తిని, మళ్లా బస్సెక్కుందువు."

మిషను మీద బంతి దొర్లి కింద పడింది. మునిశేఖర్ దాన్ని చూశాడు గానీ తీయలేదు.

"రేపు నువ్వు రావొద్దు" అన్నాడు.

"వస్తా."

"వస్తే నోరెత్తొద్దు. నీ మాట కాదు, నా మాట. నేను చెప్పుకుంటా."

"ఎత్తను" అంది సుజన. "నోరెత్తను. నిన్ను పొడవను కూడా."

కాణిపాకంలో శుక్రవారం జనం ఎక్కువ. బంతిపూల బుట్టల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చారందరూ. అమల విరిగిన చెయ్యి మెడకు కట్టుకుని తండ్రి పక్కన నిలబడింది. సన్నగా, కళ్ల కింద నలుపుతో ఉంది ఆ పిల్ల. షిఫ్టులు మారే పిల్లలందరికీ ఆ నలుపు ఉంటుంది. సుజనను చూసి "బాగుండావా అక్కా" అని పలకరించింది. సుజనకు ఆ పలకరింపు తట్టుకోవడం కష్టమైంది. జయచంద్ర బండి తాళాలను వేలికి తగిలించుకుని వచ్చాడు. భారతమ్మ కూడా వెంట వచ్చింది.

మునిశేఖర్ స్నానం చేసి, తడిపంచెతో, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా వినాయకుడి ఎదుట నిలబడ్డాడు. ఒకప్పుడు మందు మానేస్తానని నిలబడిన చోటే. ఆ రోజు సుజన పక్కనే ఉంది. ఈ రోజు రెండడుగులు వెనక ఉంది.

"చెప్పు అప్పా" అన్నాడు కుప్పయ్య. గొంతులో పగ లేదు. తన బిడ్డ చెయ్యి ఎందుకు విరిగిందో తెలుసుకోవాలన్న ఆశ మాత్రం ఉంది.

మునిశేఖర్ చేతులు జోడించాడు.

"స్వామీ, ఆ పొద్దు నేను మందు తాగలేదు. తాగింటే నా కండ్లు పోనీ."

మాట స్పష్టంగా వచ్చింది. కుప్పయ్య తలూపాడు. జయచంద్ర వేలికున్న తాళాలు తీసి అరచేతిలో పట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో, రెండోది, రెండోది అని గొణిగారు.

మునిశేఖర్ నోరు తెరిచాడు. పొట్ట పైకి లేచింది, కిందికి దిగింది. మాట రాలేదు.

గుడిలో గంటలు మోగుతున్నాయి, జనం వినాయకా అంటూ మొక్కుతున్నారు, అయినా సుజన చెవికి ఆ ఒక్క గొంతు ఆగిపోవడమే వినిపించింది. ఇన్నేళ్లూ ఆ గొంతు ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి ముందుకు పోయింది. ఇప్పుడు కూడా మోచెయ్యి కదిలింది. ఆమె దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, చూస్తూ నిలబడింది.

మునిశేఖర్ తల తిప్పాడు. వినాయకుడి వైపు కాదు, సుజన వైపు కూడా కాదు. మెడకు చెయ్యి కట్టుకున్న అమల వైపు.

"పాపా," అన్నాడు, "నీకొక వీడియో సూపిచ్చాల."